కుడి కాలు

...వాడ పేరు చెప్పకుండా ఉండాల్సింది, అనుకుంటోంది ప్రతి మంగళవారం ఇంటికొచ్చి చూసే నర్సు మహిమ, రాయమల్లు చేతికి బీపీ పట్టీ చుడుతూ. మొదటి రెండు మంగళవారాలు తను అడగకముందే కుడి కాలు చాపి పుండు చూపించిన మనిషి. మూడో మంగళవారం షుగరు పడిపోయి చెమటలు కమ్మితే తనే దగ్గరుండి తేరుకునేలా చేసింది. ఆ రోజే ఆయన భార్య ఐలవ్వ బలవంతంగా అన్నం పెట్టి, ఎవరి బిడ్డవని అడిగింది. లక్సెట్టిపేటలో చర్చి వెనక వాడ, తోమాసు బిడ్డనని చెప్పింది. అంతే. తర్వాతి వారం నుంచి ఆ కాలు దుప్పటి కిందికి పోయింది.

చెయ్యి ఇస్తున్నాడు. సూదికి వేలూ ఇస్తున్నాడు. అంటు పట్టించుకునేవాడే అయితే అవి మాత్రం ఎందుకిస్తాడు? మనసులో ఒకరు ఈ మాట చెబుతూనే ఉన్నారు. బడిలో పైనుంచి పోసిన నీళ్ళు దోసిట పట్టుకుని తాగిన తనలోని ఎనిమిదేళ్ళ పిల్ల మాత్రం వినిపించుకోవడం లేదు.

"ఎంతున్నది బిడ్డా?"

బిడ్డా అని ఈ ఊళ్ళో బస్సు కండక్టర్నీ అంటారు.

"బీపీ నూట డెబ్భై. షుగరు మూడు వందలు. పుండు లోపల్లోపల ముదురుతున్నట్టుంది. కాలు చూపియ్యి కాకా."

"కాలుకేమైంది? మంచిగుంది. నువ్వు జర చాయ్ తాగు."

"మంచిగుంటే కుంటుతున్నవెందుకు?"

"గది నా నడకనే అంత."

"నలభై ఏండ్ల సంది సూస్తున్న, అసొంటి నడక నేనైతే సూడలే," వంటింట్లోంచి ఐలవ్వ అంది.

దిండు సర్దబోతే మహిమ చేతికి గోళీల పత్తా తగిలింది. నొప్పి గోళీలు. సగం ఖాళీ.

"గివి మింగుతున్నవా! గుండెకు, షుగరుకు, కిడ్నీలకు, ఒకదానికిచ్చింది ఇంకోదాన్ని చెడగొట్టకుంట చూసి చూసి మందులిస్తున్నం. గివి మింగితే ఉన్న సగం కిడ్నీ పోతది. పుండు గిట్లనే దాస్తే కాలు తీసేస్తరు."

"తీసేస్తే తీసేయనీ. నువ్వయితే చెయ్యి పెట్టకు."

మహిమ పట్టీ విప్పి సంచిలో పెట్టుకుంది.

"పరేషాన్ కాకు కాకా. మా వాడోళ్ళ చెయ్యి వద్దంటే వేరే సిస్టర్‌ను తోలిస్త. ఆమెకన్న చూపియ్యి."

గోరువెచ్చని నీళ్ళ చెంబుతో వస్తున్న ఐలవ్వ గడపలోనే నిలబడిపోయింది.

"ఓ ముసలోడా, ఇగనన్న చెప్పు! పిల్ల ఏమనుకుంటుందో సూడు."

"ఏం వాడ బిడ్డా, ఎక్కడి వాడ?" అన్నాడు రాయమల్లు. "గా దినం నా తల ఒళ్ళె పెట్టుకొని చెంచతోని చక్కెర నీళ్ళు తాపినవు. నా పానం నువ్వు నిలబెట్టిందే. అప్పటి సంది నువ్వు నాకు కన్నబిడ్డవే. బిడ్డతోని కాళ్ళు పట్టిచ్చుకుంటమా? తప్పు గాదా?"

ఈ పదిహేను రోజులూ ఈయన దాచిందేమిటి, తను మోసిందేమిటి! మహిమ కళ్ళు నిండాయి. అయినా నర్సు మాటే ముందు బయటికొచ్చింది.

"బిడ్డనైతే నా మాట ఇను మరి."

"ఇంట. గని బిడ్డ చెయ్యి నా కాలుకు తాకాల్నంటే ముందుగాల ఓ పద్ధతుంటది గద."

రాయమల్లు మెల్లగా మంచం దిగి, భార్య చేతిలోని చెంబు అందుకున్నాడు. పుండు తనే కడుక్కుంటాడేమోనని మహిమ ఆపబోయింది. ఆయన ఆమె పాదాల మీద నీళ్ళు పోసి, పెండ్లినాడు బిడ్డకు కడిగినట్టు రెండూ కడిగి, భుజం మీది తువ్వాలతో తుడిచి, అప్పుడు కుడి కాలు ఆమె ముందుకు చాపాడు.