పీత మేస్త్రి కట్టిన గాజుతొట్టె

ఉప్పునీళ్ల గోళెంలో ఇరుక్కుని బతుకుతున్న సముద్రపు జీవాలకి, పక్కనే మంచమంత గాజుతొట్టె దిగేసరికి పండగొచ్చినట్టయింది. కొత్తిల్లు అమర్చే పని పీత మేస్త్రికి అప్పగించారు. గట్టున తిరగగలిగేది ఆయనొక్కడే మరి!

“నాకు ఎండ తగిలే మెట్ట కావాలి” అంది పగడం.

“నాకో చీకటి గుహ. దానికి రెండు వాకిళ్లుండాలి” అంది రొయ్య.

“నేను షికారు తిరగడానికి పొడుగాటి వీధి” అంది చారల చేప.

మేస్త్రి దేనికీ కాదనలేదు. వారం రోజులు డెక్కలు అరిగేలా రాళ్లు మోసి, ఇసుక పరిచి, అంతా చూసుకుని మురిసిపోయాడు.

గృహప్రవేశం నాడు చారల చేప ఆగలేక అందరికంటే ముందు దూకేసింది. దూకి, ఇసుకలో టపటపా కొట్టుకుంది. “మేస్త్రీ! నీళ్లేవీ?”

మేస్త్రి అడ్డంగా పరిగెత్తుకెళ్లి, దాన్ని పట్టుకొచ్చి గోళెంలో పడేశాడు. అప్పుడొచ్చింది కోపం. “ఇన్ని గొంతెమ్మ కోరికలు కోరారే, నీళ్లు కావాలని ఒక్కరైనా అన్నారా?”

“నీళ్లు కూడా అడగాలా మేస్త్రీ? పుట్టినప్పట్నుంచీ ఉన్నవేగా!” అంది చేప, రొప్పుతూనే.

గోళెమంతా ఘొల్లుమని నవ్వింది. మేస్త్రీ నవ్వాడు.

ఇప్పటికీ ఆయన ఏ పని ఒప్పుకున్నా కోరికలన్నీ ఓపిగ్గా విని, చివర్లో ఒక్కటే అంటాడు: “ఇవి సరే. మీరు అడగనిదేమిటో అది చెప్పండి.”