ఏడో నంబరు గొంతు

"అమ్మా, ఏదో ఒక పార్టీలో చేరండి. పుస్తకమైనా పట్టుకోండి, మిషనైనా పట్టుకోండి. రెండు పడవల మీద కాళ్లేంటి?" అంది లైబ్రేరియన్ అమ్మాయి.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నవ్వింది.

మూడు నెలలుగా రోజూ వస్తోంది. ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. ఏం కావాలన్నా చీటీ మీద రాసిస్తుంది. అందుకే చీటీలావిడ అయింది. మండే ఎండలో కూడా మెడకు మఫ్లరు.

ఒళ్లో అచ్చు పుస్తకం. పక్కన ఈ-రీడరు, ఏడో నంబరుది. రోజూ అదే అడుగుతుంది. చెవిలో ఇయర్‌ఫోను. మిషను చదువుతుంటే ఆవిడ పుస్తకంలో అదే వాక్యం మీద వేలు జరుపుకుంటూ పోతుంది. పెదాలు కూడా కదులుతుంటాయి.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయనేమో!" అంది అమ్మాయి, అటెండరు దగ్గరికొచ్చి.

"పుస్తకం పట్టుకుంది. మా పార్టీయే," అన్నాడతను.

"చెవిలో ఏముందో చూడు బాబాయ్. మా పార్టీ."

ఆ లైబ్రరీలో రెండే పార్టీలు. ఒక్కో పార్టీకి ఒక్కరే సభ్యులు.

అటెండరుది అచ్చు పార్టీ. వాసన చూసి ఏ పేజీలో చెదలు పట్టిందో చెప్పగలడు. బస్సు టికెట్టు వెనక నిబంధనలు చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులు ఏడాదికి మూడు వందల అరవై నాలుగు. మిగిలిన ఒక్కరోజు బస్సులు బందు.

అమ్మాయిది మిషను పార్టీ. పన్నెండు ఈ-రీడర్లు వచ్చిన రోజున బీరువాల ముందు నిలబడి వీడ్కోలు ప్రసంగం చేసింది. బీరువాలు అభ్యంతరం చెప్పలేదు.

"ఒక్క మిషనులో రెండు వేల పుస్తకాలు బాబాయ్! నీ బీరువాలో చెదపురుగులతో కలిపి లెక్కేసినా ఆరొందలు."

"కిందపడితే నీ మిషను పగులుతుంది. నా నిఘంటువు పడితే నేల పగులుతుంది."

"నాది చదివి వినిపిస్తుంది. నీది నోరు విప్పుతుందా?"

ఈ మాట వచ్చినప్పుడల్లా అటెండరు నిఘంటువు దుమ్ము దులుపుతాడు. ఎందుకంటే ఆ మిషను గొంతంటే అతనికీ ఇష్టమే. ఆడగొంతు, కాస్త బొంగురు. కామా దగ్గర ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది. పార్టీ క్రమశిక్షణ కోసం ఆ ఇష్టం దాచుకున్నాడు.

ఫోను మోగింది. హెడ్డాఫీసు.

"మిషన్లలో కొత్త గొంతు ఎక్కించారా? మిగతా లైబ్రరీలన్నిటివీ అయిపోయాయి. కంపెనీ కూడా పాతది తీసేసింది. ఇక మీ పన్నెండిట్లోనే ఉంది. సాయంత్రానికి రిపోర్టు పంపండి."

"పన్నెండుకి పన్నెండు. నూటికి నూరు!" అంది అమ్మాయి.

ఆమె రిపోర్టుల్లో తొంభై తొమ్మిది అన్న అంకె ఉండదు. చిన్నప్పుడు జ్వరమొచ్చినా నూరుకు తగ్గేది కాదని వాళ్లమ్మ చెబుతుంది.

గంటలో పదకొండు అయిపోయాయి. ఏడోది మిగిలింది.

"అమ్మా, ఒకసారి ఇలా ఇవ్వండి. కొత్త గొంతు వేస్తాను. తేనె పోసినట్టుంటుంది. దగ్గదు, తుమ్మదు, ఊపిరి కూడా పీల్చదు."

పెద్దావిడ మిషనును గుండెకు పొదువుకుంది. ఆ మొహంలో నవ్వు లేకపోవడం అదే మొదటిసారి. ఒంటిచేత్తో గబగబా చీటీ రాసింది.

"దయచేసి దీన్ని మార్చకండి. ఈ ఒక్కటీ ఉండనివ్వండి."

"అందరూ మొదట ఇలాగే అంటారమ్మా. రేపు మీరే థాంక్స్ అని చీటీ రాస్తారు, చూడండి."

"ఒక్కటే కదమ్మాయ్, వదిలెయ్," అన్నాడు అటెండరు.

"వదిలేస్తే పదకొండే అవుతాయి బాబాయ్."

పెద్దావిడ ఇంకో చీటీ తీసింది. ఫ్యాను గాలికి అది ఎగిరిపోబోయింది. కాగితం కదలకుండా పట్టుకోవడానికి మిషనును బల్ల మీద పెట్టక తప్పలేదు.

అమ్మాయి చటుక్కున తీసుకుని బటను నొక్కింది. తెర మీద గీత సున్నా నుంచి నూరుకు పాకింది.

"వినండి!" అంటూ ఇయర్‌ఫోను పీకేసింది.

కొత్త గొంతు గదంతా వినబడేలా చదివింది. ఒక్క తప్పు లేదు. కామా దగ్గర ఆగింది. ఊపిరి పీల్చలేదు.

పెద్దావిడ కలం ఆగిపోయింది.

చీటీ మడిచి పుస్తకంలో పెట్టింది. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. అమ్మాయి భుజం మెల్లగా తట్టి వెళ్లిపోయింది.

"చూశావా బాబాయ్, మెచ్చుకుంది!"

మర్నాడు కిటికీ పక్క కుర్చీ ఖాళీ. వారం తిరిగినా ఖాళీయే.

ఎనిమిదో రోజున అటెండరు ఆ పుస్తకం సర్దుతుంటే చీటీ జారిపడింది. అందులో రెండే మాటలు. "ఆ గొంతు". తర్వాత ఏమీ లేదు.

"ఆ గొంతు... ఏంటట?" అంది అమ్మాయి.

మిషనులో వెతికింది. అక్కడ కొత్త గొంతు గురించే ఉంది. పాతదాని ఊసే లేదు.

అటెండరు స్టూలెక్కి, మిషన్లు వచ్చిన అట్టపెట్టె దించాడు. అడుగున వాడే విధానం చెప్పే చిన్న పుస్తకం ఉంది. "కాగితం ఎవరు చదువుతారు, పారెయ్" అని అమ్మాయి మొదటిరోజే అంది. అతను పారెయ్యలేదు. అలాగని చదవనూ లేదు. అతని జీవితంలో చదవకుండా వదిలిన అచ్చుకాగితం అదొక్కటే. శత్రువుల సాహిత్యమని.

ఒక్కో పేజీ తిప్పుతూ వెళ్లి, చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. దాన్ని అమ్మాయి ముందు పెట్టాడు.

మెడకు మఫ్లరు లేకుండా, మైకు ముందు నోరారా నవ్వుతున్న చీటీలావిడ ఫొటో, దాని కింద అచ్చులో ఒక్క వాక్యం: "గొంతు తీసేసే ఆపరేషనుకు ముందు మూడు వారాలు రాత్రీపగలూ చదివి, తన గొంతును మీ అందరికోసం ఇందులో దాచి వెళ్లినవారు."