చీమ ఒడిబియ్యం

ఆకుకోత చీమలు ఆకులు తినవు. ఆకుల్ని నమిలి బూజుకు వేస్తాయి, ఆ బూజు పెరిగాక దాన్ని తింటాయి. అందుకే వేరే ఇల్లు కట్టుకోబోయే ఆడపిల్లకు తల్లి ఒడిబియ్యంలా చిటికెడు బూజు పెట్టి పంపుతుంది. చీమకు ఒడి ఎక్కడిది? పిల్ల దాన్ని నోట్లోనే దాచుకుంటుంది.

అలా బయల్దేరిన ఓ రాణిపిల్లను మిడత ఆపింది.

"ఆ బరువుతో ఏం ఎగురుతావే? ఉమ్మెయ్! అడివి నిండా ఆకులే, నాలాగా కొరుక్కు తిను."

రాణిపిల్ల నోరు విప్పలేదు. నోట్లోంచి బూజే గొణిగింది.

"నిజమేనమ్మా. నా కోసం నువ్వు పడిపోతే ఎలా? నన్నిక్కడే వదిలెయ్యి."

రాణిపిల్ల దవడలు ఇంకా బిగించి గాల్లోకి లేచింది. గాలి నేలకేసి కొట్టింది. మళ్లీ లేచింది. చివరికి వాగు దాటి మెత్తటి మట్టిలో వాలింది.

మిడత గెంతుకుంటూ వెనకే వచ్చింది. "ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?"

ఇక ఎగిరే పని లేదని రాణిపిల్ల తన రెక్కలు తనే విరిచి పక్కన పారేసింది. గుంత తవ్వి, బూజును మెల్లగా అందులో పెట్టింది. అప్పుడు రెక్కలు చూపించి నోరు తెరిచింది.

"బరువు దించెయ్యమన్నావుగా, దించేశాను. కావాలంటే పట్టుకుపో."