పెద్దరాయి చీలిన ఆదివారం

కాస్త దగ్గరకు జరగండి, గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదిది. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడు, మే నెలలో ఒక ఆదివారం పొద్దున మార్కాపురం పలకల మ్యూజియం గేటు ముందు ఒక ఆటో ఆగింది. తర్లుపాడు సుందరరాజు అందులోంచి దిగి, ఉలీ సుత్తీ గేటు పక్కన గట్టు మీద పెట్టేశాడు.

"ఈ పొద్దు నా వల్ల కాదు సారూ."

మ్యూజియం చూసుకునే వరప్రసాదం గేటు లోపలే నిలబడ్డాడు. "ఏందయ్యా కాదనేది? రాయి తడిపి పెట్టించినా నీకోసరం."

"ఆటోలో నా ఇంటామె ఉండాది. ఊపిరి ఆడ్డంలా. ఆస్పత్రిలో పడక లేదన్నారు. పెద్దోళ్ళు ఎవరన్నా ఫోన్ చేయిస్తే చూస్తామన్నారు. మీరొక మాట చెప్తారని వచ్చినా."

ఆ మ్యూజియం ఒకప్పటి పలకల ఫ్యాక్టరీ షెడ్డు. జనం గుంపుగా వచ్చి చూసి పోయే చోటు. కరోనా వచ్చి తాళం పడ్డాక, ఆదివారం ఆదివారం ఫోన్‌లోనే లైవ్ పెట్టి ఏదో ఒకటి చూపిస్తున్నారు. మొదటి వారం పిల్లలు ఇళ్ళల్లో కూర్చుని పలకల మీద బొమ్మలు వేశారు, రెండో వారం ఆడవాళ్ళు ముగ్గులు వేశారు. ఊరూరా జనం అప్పటికప్పుడే చూశారు, ఆఫీసర్లు బాగుందని రాశారు. మూడో వారం సుందరరాజు వంతు. మిషను లేకుండా చేత్తో రాయిని పలకలుగా చీల్చేవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే మిగిలాడు.

వరప్రసాదం ఆటో వైపు ఒకసారి చూశాడు. దగ్గరకు మాత్రం పోలేదు.

"నా మాట ఎవరు వింటారు సుందరరాజూ? ఈ ఫోన్‌లో చూసేటోళ్ళు కలెక్టరాఫీసోళ్ళు. ముందు పని చెయ్యి. ఆఖర్న నీ బాధ నువ్వే వాళ్ళకి చెప్పుకో. మధ్యలో మాత్రం ఏడవమాక, చూసేదానికి బాగుండదు."

ఫోన్ పట్టుకుని నిలబడిన, మ్యూజియంలో టికెట్లు ఇచ్చే పర్వీన్ నోరు తెరవబోయింది. ఫోన్ కదలకుండా పట్టుకుంటే చాలని, మిగతాది తాను చూసుకుంటానని వరప్రసాదం అన్నాడు. ఆమె ఫోన్ సరిచేసి పట్టుకుంది.

సుందరరాజు ఆటో దగ్గరికి పోయి లీదియాకు సంగతంతా చెప్పాడు. ఆమె కూడా పదేళ్ళు పలకలకు చట్రాలు బిగించిన మనిషే. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ, "పోయి చెయ్యి. నా మీద ధ్యాస పెట్టుకుని రాయి పగలగొట్టేవు" అంది.

రాయి చీల్చడమంటే బలంతో అయ్యే పని కాదు. అంచు మీద పొర ఎక్కడుందో కంటితో పట్టుకోవాలి. సన్నటి ఉలి ఆనించి, పసిబిడ్డ వీపు తట్టినంత మెల్లగా చుట్టూ కొట్టుకుంటూ రావాలి. చెవి రాయి దగ్గర పెట్టాలి. మోత మారినప్పుడే అది విడిపోతుంది. ఒక్క దెబ్బ తొందరపడితే అడ్డంగా రెండు ముక్కలు.

సుందరరాజు కూర్చున్నాడు. మొదటి పలక విడిపోయేసరికి పావుగంట పట్టింది. బయట ఆటోలోంచి దగ్గు వినపడుతూనే ఉంది. చేయి ఆపి గేటు వైపు చూడబోయి, ఏడవొద్దన్న మాట గుర్తొచ్చి, ఫోన్ వైపు తిరిగి నవ్వాడు. రెండో పలక సగంలో ఉండగా దగ్గు ఇంకా పెద్దదైంది. రాయి మోత ఫోన్‌లో సరిగా పడటం లేదని వరప్రసాదం పోయి గేటు మూసి, షెడ్డు తలుపు కూడా వేసి వచ్చాడు.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు. ఉలి మోత ఒక్కటే. సుందరరాజు నుదుటి చెమట రాతి మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. పెద్దరాయి నాలుగు పలకలైంది. ఒక్కటంటే ఒక్కటి చెదరలేదు.

అప్పుడు లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోన్‌కు ఎదురుగా నిలబడి దండం పెట్టాడు.

"అయ్యా, చూసే పెద్దోళ్ళందరికీ దండాలు. నా పేరు సుందరరాజు, మాది తర్లుపాడు. నా ఇంటామె లీదియా, యాభై ఎనిమిదేండ్లు. ఈ గేటు ముందర ఆటోలోనే ఉండాది. ఒక్క పడక ఇప్పించండయ్యా. మీరెవరన్నా ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఈ పలకలు నాలుగూ మీకే ఇస్తా, జీవితాంతం ఆదివారం ఆదివారం వచ్చి ఉట్టినే చీల్చి చూపిస్తా."

తన ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పాడు. పెద్దవాళ్ళు రాసుకోవడానికి వీలుగా ఒక్కో అంకె దగ్గర ఆగి చెప్పాడు. తర్వాత తలుపు తోసుకుని బయటికి పరిగెత్తాడు.

లీదియా కళ్ళు మూసుకుని ఉంది. చేయి పట్టుకుంటే కళ్ళు తెరిచింది.

"చెప్పినానే. అందరూ విన్నారు. ఇంక ఫోన్ వస్తాది."

ఆమె తల మాత్రం ఊపింది. సుందరరాజు ఫోన్ అరచేతిలో పెట్టుకుని, ఎండ పడకుండా రెండో చేయి అడ్డం పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు. ఎక్కడికైనా పోదామా అని ఆటో అతను అడిగితే, ఇప్పుడు కదిలితే వాళ్ళు ఇక్కడికొచ్చి వెతుక్కుంటారన్నాడు.

షెడ్డులో పర్వీన్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. వరప్రసాదం ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, తీసిన వీడియో మొదటినుంచీ ఒకసారి చూసుకుని తిరిగి ఇచ్చాడు.

"బాగా వచ్చింది. ఈ పొద్దు లైవ్ పెట్టలేదు గదా, ఆ చివరి ముక్క కోసెయ్యమ్మా. కరోనా పోయి మ్యూజియం మళ్ళీ తెరిచిన రోజు వేసే వీడియోలో ఈ ఏడుపులెందుకు?"

ఈ సంగతి మరిచిపోకండి, నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం చివరి ముక్క కోయకుండా చెప్పండి.