గోడ ఆరిపోయాక

ఆ సాయంత్రం తెరలా వెలిగే మా హాలు గోడ మీద ఏదో దూరదేశపు వరద. ఇంటికప్పు మీద ఒకావిడ బిడ్డనెత్తుకుని మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉంది. చనిపోయిన నా భార్యకు చెల్లెలైన హైమ, చూడ్డానికి పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది. ఎదురుగా కూర్చుని ఏడ్చేవాళ్ల ముఖాలను ఆ గోడ వాళ్ల స్నేహితులందరికీ చూపిస్తుంది.

"బావగారూ, బొట్టు చెదిరిందా?" అంది కళ్లొత్తుకుంటూ.

"కరెంటు వదిలేద్దామమ్మా," అన్నాను. ఒక ఇల్లు ఆ పూటకు కరెంటు వదులుకుంటే, ఆ కరెంటుతో అక్కడొక సహాయ పడవ కదులుతుంది.

"గోడ ఆరిపోదూ? ఆవిడ ఏమైందో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు."

"ఉండండి, ఇప్పుడే అందరూ చూస్తున్నారు!"

గోడ మీద ఆవిడకి నీళ్లు నడుము దాకా వచ్చాయి. నేను మీట నొక్కాను. గోడ నల్లబడింది, ఫ్యాను ఆగింది.

"ఎంత మొండివారండీ! అక్క ఎలా వేగిందో," అంది హైమ.

కాసేపటికి చీకట్లో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఆ బిడ్డకి చొక్కా తిరగేసి తొడిగింది, చూశారా? ఎంత కంగారులో తొడిగిందో. పడవ అందుతుందంటారా?"

నేను లేచి కిటికీ తెరిచాను.

"మా ఇంట్లోనూ గోడ వెలుగుతూనే ఉంది. వెళ్లి ఆపేస్తాను," అంటూ హైమ తడుముకుంటూ లేచింది.