విమానం చూసి వచ్చినవాళ్ళు

"మళ్ళీ దాపురించాడమ్మా నీ చుట్టం!" అంది పక్కింటి హనియ్యా, రొట్టెల తట్ట దింపుకుంటూ.

ఇన్షిరా కిటికీలోంచి చూసింది. ముసలాయన మెట్ల మీద కూర్చున్నాడు. పొడుగు చొక్కా నిండా రంగు మరకలు, పక్కన ఓ రేకు డబ్బా.

"నాకేం చుట్టం? కావాలంటే నువ్వే తీసుకుపో."

ఆమెకు విసుగు రాక ఏం చేస్తుంది! మొగుడు పోయాక, ఎస్నా పట్నంలోని ఆ ఇంటి ముందు గదిలోనే బల్ల వేసుకుని మక్కా యాత్రలకు మనుషుల్ని పోగుచేస్తోంది. రజబ్ నెల ముగిసేలోగా నలభై మందిని చూపించకపోతే ఏజెన్సీ తీసేస్తామని లక్సర్‌లోని యాత్రల కంపెనీవాళ్ళు మొహం మీదే చెప్పేశారు. అది పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

అందుకే చీటీలు అచ్చు వేయించింది. పైన పెద్ద విమానం బొమ్మ, కింద తన పేరూ, ఫోన్ నంబరూ. మీ ఇంటికే వచ్చి కాగితాలు రాస్తాం, ఆడవాళ్ళకు తోడుంటాం, పదిమందిని తెస్తే పదకొండో సీటు ఉచితం... నోటికొచ్చిందల్లా రాయించింది. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళకు పంచింది. పిండిమర గోడకు అంటించింది. పిలవని పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళి ఆడవాళ్ళ చేతుల్లో పెట్టింది.

ఈ ముసలాయన కూడా ఓ చీటీ తీసుకున్నాడు. అప్పట్నుంచీ పట్టుకుంది పీడ. వారం తిరిగేసరికి వస్తాడు. ఒకటే ప్రశ్న.

"ఈ వారం ఎంతమంది వచ్చారు తల్లీ?"

"నీకెందుకు బాబాయ్?"

"ఊరికే. కాలవ అవతలి ఊళ్ళవాళ్ళు ఎంతమంది?"

ఊరికే అడగడానికి ఎవడైనా ఎండలో ఆరు కిలోమీటర్లు నడిచొస్తాడా?

హనియ్యా తేల్చేసింది. "బజార్లో ట్రావెల్ ఆఫీసు పెట్టిన బయ్యూమి పంపిస్తున్నాడే వీణ్ణి. నీ గిరాకీ ఆరా తీసి అటు చేరవేస్తున్నాడు. నువ్వేమో బాబాయ్ బాబాయ్ అంటున్నావు!"

నిజమే అనిపించింది ఇన్షిరాకు.

ఈలోగా కాలవ అవతలి నుంచి ఒక్కొక్కరే రాసాగారు. ఎలా తెలిసిందని అడిగితే అందరిదీ ఒకటే మాట.

"విమానం చూసి వచ్చాం."

చీటీ మీద విమానం! ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అలా తొమ్మిదిమంది వచ్చారు. మొత్తం ముప్పై దాటారు. ఇంకాస్త ఓపిక పడితే గట్టెక్కినట్టే.

ఇలాంటప్పుడు బయ్యూమి చెవిన పడితే ఇంకేమన్నా ఉందా?

ఆ రోజు గుమ్మం కడుగుతోంది. ముసలాయన వచ్చి జేబులోంచి చీటీ తీశాడు.

"తల్లీ, ఇందులో రాసింది..."

"సిగ్గులేదూ? వయసొచ్చింది, ఈ గూఢచారి పనులేంటయ్యా నీకు? ఇంకోసారి నా గుమ్మం తొక్కావంటే చూడు!"

బకెట్లో నీళ్ళు మొత్తం ఆయన మీద కుమ్మరించింది. హనియ్యా పకపకా నవ్వింది.

ఆయన ముందు చీటీని చొక్కాకు అద్ది తుడుచుకున్నాడు. తర్వాతే మొహం తుడుచుకున్నాడు.

"ఎండగా ఉందిలే, మంచిదే," అన్నాడు. డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి కాలవ అవతలి నుంచి పురుగు కూడా రాలేదు.

ఇన్షిరా ఉన్న ఒక్క గాజూ అమ్మి మరో రెండు వేల చీటీలు వేయించింది. విమానాన్ని ఇంకా పెద్దది చేయించింది. ఎవరూ రాలేదు. రజబ్ వెళ్ళిపోయింది, ఏజెన్సీ పోయింది. పాస్‌పోర్టులు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేయమన్నారు.

తలెత్తుకోలేక, ఆ పాస్‌పోర్టులు పట్టుకుని కాలవ దాటింది.

హజ్ చేసొచ్చినవాళ్ళు ఇంటి గోడ మీద ఆ యాత్రంతా బొమ్మలుగా వేయించుకోవడం ఆ ఊళ్ళలో మామూలే. మొదటి ఇంటి గోడ మీద మక్కాలోని కాబా, ఒంటె, విమానం ఉన్నాయి. విమానం కింద నీలిరంగులో ఏదో రాసి ఉంది.

తన పేరు. తన నంబరు.

పక్క వీధిలో ఇంకో గోడ, ఇంకో విమానం, దాని కిందా తన పేరే.

చివరి ఇల్లు తవ్హీదాది. ఆమె మొగుడు కిందటేడు హజ్ చేసొచ్చాడు. ఆ గోడ మీద తన పదకొండంకెల నంబరులో పది అంకెలే ఉన్నాయి. పదకొండోది లేదు. రంగు మాత్రం నేలదాకా కారి ఎండిపోయింది.

"ఎవరు వేశారిది?"

"అయ్యాద్ మామ. ముప్పై ఏళ్ళుగా మా హాజీల గోడలన్నీ ఆయన చేతివే. ఈమధ్య మాత్రం, కూలి వద్దు, విమానం కింద నీ పేరు రాయనిస్తే చాలనేవాడు. వచ్చేపోయేవాళ్ళకు అది చూపించి మరీ నీ దగ్గరికి పంపేవాడు."

"రంగు మరకల చొక్కా... రేకు డబ్బా?"

"ఆయనే."

"బయ్యూమి మనిషి కాదూ?"

"బయ్యూమి ఎవరు?"

ఇన్షిరా ఆ కారిన రంగును వేలితో తాకింది.

"ఆఖరిసారి ఎస్నా నుంచి అదోలా వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా ఈ గోడకే నిచ్చెన వేసి ఎక్కాడు. కాలు జారింది. మూడు రోజులు కూడా బతకలేదు," అంది తవ్హీదా కళ్ళొత్తుకుంటూ. "మూడొందల గోడల మీద కాబా గీశాడమ్మా, కళ్ళారా ఒక్కసారీ చూడలేదు. మా ఊళ్ళ నుంచి నీ దగ్గరికి తొమ్మిదిమంది అయ్యారు, ఇంకొక్కరేనని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవాడు."

"దేనికి ఇంకొక్కరు?"

తవ్హీదా లోపలికెళ్ళి, ఆయన జేబులో దొరికిన చీటీ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

తడిసి ఆరిన ఆ కాగితంలో ఒకే ఒక్క మాట కింద నీలిరంగు గీత గీసి ఉంది: 'పదిమందిని తెస్తే పదకొండో సీటు ఉచితం.'