ఎర్ర లైటు మాత్రలు

ఈ రోజుల్లో మందుల షాపులోంచి ఒక సీసా కొనుక్కుని బయటపడటం మాటలు కాదండీ. కొత్త రూలొచ్చింది. ప్రతి డబ్బాకీ ఒక నెంబరట. దాన్ని మిషను కింద పెట్టి చూపించాలట. పచ్చ లైటొస్తే అసలు సరుకు, పట్టుకెళ్లొచ్చు. ఎర్ర లైటొస్తే అమ్మకూడదు. నకిలీ మందులు రాకుండా అట. మంచిదే. కాకపోతే ఆ మిషనుకి డబ్బా ఒక పట్టాన కనిపించదు. షాపాయన దాన్ని చొక్కాకి తుడిచి, అటు తిప్పి, ఇటు తిప్పి, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చోబెట్టినట్టు గడ్డం పైకెత్తి చూపించాలి. ఈలోగా లైను రోడ్డెక్కుతుంది.

నేను కొనాల్సింది జుట్టు మొలిచే లోషను. ఈ సంగతి మా ఆవిడక్కూడా తెలీదు. తెలిసినవాళ్లు తగలకూడదని మిట్టమధ్యాహ్నం వచ్చాను. టోపీ పెట్టాను. మాస్కు కట్టాను. అయినా నా వెనకే మా వీధి చివరింటి పిన్నిగారు.

"ఏం బాబూ, ఆ ముసుగేంటి? ఒంట్లో బాలేదా?"

"కొంచెం తలనొప్పి పిన్నిగారూ."

"నెత్తిన ఆ టోపీ ఉంటే నొప్పి పుట్టదూ మరి! తీసెయ్."

తీయలేదు.

నా ముందు ఒకావిడ ఉంది. భర్తకి ఫిట్స్ మాత్రలు కావాలి. అయిపోయిన అట్టని చేతిలో పట్టుకుని చూపించింది. షాపాయన డబ్బా తీసి మిషను కింద పెట్టాడు. ఎర్ర లైటు.

"ఇంకోటి చూడన్నా."

ఎర్ర. ఆ పక్కది తీశాడు. అదీ ఎర్రే.

"దొంగ సరుకా ఏంటన్నా?"

"అసలు సరుకేనమ్మా. కంపెనీ బండిలోంచి నా చేత్తో దింపుకున్నా. వీటి నెంబర్లు ఆఫీసులో ఒక ఆఫీసరు చూసి, సరే అని నొక్కాలి. నొక్కితేనే ఇక్కడ పచ్చ. ఆయనేమో ఇవాళ సెలవంట. ఇందాకే ఫోను చేశా."

"ఇంకెవరైనా నొక్కొచ్చుగా?"

"ఆయన వేలిముద్రే పడాలంట."

ఆవిడ కదల్లేదు. "అన్ని షాపులూ తిరిగే వచ్చానన్నా. అందరిదీ ఇదే మాట. రాత్రికి మాత్ర పడకపోతే మా ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోతాడు. పోయినసారి పొయ్యి మీద పడ్డాడు."

లైనులో తిట్లు మొదలయ్యాయి.

"ఎవడండీ ఆ మహానుభావుడు?"

"ఎవడైతేనేం, ఫ్యాను కింద కాళ్లు చాపుకుని గురకపెడుతుంటాడు."

"లేదండీ, పెళ్లాం చీరల షాపుకి లాక్కెళ్లుంటుంది పాపం."

"వాడి జుట్టు ఊడిపోను!" అంది పిన్నిగారు.

తిట్లలో ఇన్ని రకాలుండగా ఆవిడకి అదే దొరికింది. టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

"ఏం బాబూ, మాట్లాడవేం? తప్పా నేనన్నది?"

"ఛ ఛ, తప్పేముంది పిన్నిగారూ. బొత్తిగా బాధ్యత లేని మనిషి," అన్నాను. గొంతు మాస్కు దాటి బయటికి రాలేదు.

షాపాయన ఆవిడని కాస్త పక్కన నించోమని నన్ను పిలిచాడు. లోషను పేరు ఫోనులో రాసుకొచ్చాను. నోరు మెదపకుండా ఫోను ఆయన ముందుకి జరిపాను.

"జుట్టు మొలిచేదా?" అని అరిచాడాయన. "పెద్ద సీసానా, చిన్న సీసానా?"

లైను మొత్తం నా టోపీ వంక చూసింది.

"చిన్నదే."

సీసా అలా మిషను కిందకి వెళ్లిందో లేదో, పచ్చ లైటు. తుడవక్కర్లేదు, తిప్పక్కర్లేదు.

"చూశారా, దీనికి పచ్చే!" షాపాయన లైనుకి చూపించాడు. "ఈ సరుకు నిన్న దిగింది, నిన్న సాయంత్రానికే పాసైపోయింది. ఫిట్స్ మాత్రలు దీనికంటే ముందొచ్చాయి. ఆ ఆఫీసరుగారికి ఏది ముందో ఏది వెనకో!"

మాత్రలావిడ నా సీసా వంక చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ సీసాలో దూరి మూత బిగించుకోవాలనిపించింది. వెళ్లిపోదును, కానీ చిల్లర రావాలి.

షాపాయన ఆ ఎర్ర లైటు డబ్బాల్లో ఒకటి తీసి, మిషను పక్కనుంచే ఆవిడ చేతిలో పెట్టేశాడు.

"పట్టుకెళ్లమ్మా. మిషనుకి చూపించకుండా అమ్మితే లైసెన్సు పోతుంది. డబ్బా తగ్గిందని రేపు పొద్దున్నే ఆ ఆఫీసరు బల్ల మీదికే రిపోర్టు వెళ్తుంది. పోతే పోయింది. నాకూ ఇంట్లో పిల్లలున్నారు, అయినా మీ ఆయన పొయ్యి మీద పడితే నాకు ముద్ద దిగుతుందా?"

ఆవిడ దణ్ణం పెట్టింది. డబ్బా కొంగులో దాచుకుని గబగబా వెళ్లిపోయింది.

"మీరెవరూ ఏం చూళ్లేదు కదా?" అన్నాడు షాపాయన.

"ఏం చూడాలి? నాకసలే కళ్లు సరిగ్గా కనపడవు," అంది పిన్నిగారు.

"మరి మీరో, టోపీ సార్?"

"నేనిటు తిరగనే లేదు," అన్నాను.

"దేవుడిలాంటి మనిషి సార్ మీరు," అని చిల్లరతో పాటు ఒక దువ్వెన చేతిలో పెట్టాడు. లోషనుతో ఉచితమట.

అయ్యా, అమ్మా, ఇది చదివినవాళ్లలో ఎవరికైనా ఏదైనా తోస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. రేపు పొద్దున్నే ఆ రిపోర్టు బల్ల మీదికొచ్చేసరికి, తలనొప్పని సెలవు చీటీ పంపించి లోషను కొనుక్కోవడానికి వచ్చిన ఆ ఆఫీసర్నైన నేను దాని మీద ఏమని రాయను?